ఆ రుమాలు ఏ కాలికి కట్టావు?

ఒంగోలు,
శనివారం ఉదయం.

చిరంజీవి సుధీర్‌కు,

ప్రభువు నామమున అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. నీ క్షేమ సమాచారం తెలిసి నేటికి పంతొమ్మిది రోజులైంది. ఫోను ఎత్తవు, ఎత్తినా "మీటింగులో ఉన్నానమ్మా" అంటావు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడానికి వీలుండదని పాత అలవాటు ప్రకారం కాగితం, కలం తీశాను. నిన్ను నిలదీయడానికి కాదు, ఇంటి కబుర్లు నాలుగు చెబుదామని మాత్రమే వ్రాస్తున్నాను.

ఎండలు అప్పుడే ముదిరాయి. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు ఈసారి మనవాళ్లు బాగానే వచ్చారు. డోర్కాసు టీచరుగారు నిన్ను ప్రత్యేకంగా అడిగారు, కొచ్చిలో తెలుగు సంఘం ఉందా అని కూడా అడిగారు. ఉందన్నాను. ఉందో లేదో నువ్వే చెప్పాలి. ఆరాధన అయ్యాక కమల పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి ఫోనులో ఒక ఫోటో చూపించింది. వాళ్ల అల్లుడికి ఎవరో పంపారట. మలయాట్టూరు కొండ మీద పదిహేనుమంది కుర్రవాళ్లు, భుజాల మీద చెక్క సిలువలు, చేతుల్లో కొవ్వొత్తులు, వరుసలో చివర నువ్వు. చిక్కిపోయావు. గడ్డం నీకు నప్పలేదు. అదంతా సరే, నీ పాదానికి నీలిగళ్ల రుమాలు కట్టి ఉంది. ఆ రుమాలు అంచు కుట్టింది నేను, నాకు తెలియదా? అది తడిగా, ఒకవైపు నల్లగా కనిపించింది. పెద్దది చేసి చూస్తే చుక్కలు చుక్కలుగా విడిపోయిందే తప్ప ఇంకేమీ తెలియలేదు. ముందు నిలబడ్డవాడి పంచె అడ్డం రావడంతో ఏ కాలో కూడా తేల్చుకోలేకపోయాను.

నువ్వు కతోలికుల కొండకు వెళ్లావని నేనేమీ అనుకోవడం లేదు. పెద్దమ్మ అనుకుంటోంది, అది వేరే సంగతి. తోమా అపొస్తలుడు క్రీ.శ. 52లో కేరళ తీరంలో దిగాడని, ఆ కొండ మీద ఒంటరిగా ప్రార్థించాడని అక్కడి క్రైస్తవులు తరతరాలుగా నమ్ముతున్నారు, శ్రమదినాల్లో "పొన్నిన్ కురిశు ముత్తప్పో" (బంగారు సిలువ తాతా) అని పిలుచుకుంటూ ఎక్కుతారు. నమ్మకంతో ఎక్కేవాళ్లను వెక్కిరించే పెంపకం మన ఇంట్లో లేదు. సముద్రమట్టానికి 609 మీటర్ల ఎత్తు, దారి పొడుగునా పద్నాలుగు సిలువ మజిలీలు, అడుగడుగునా బండలు అని చదివాను. ఆ దారిన లక్షలమంది వెళ్తారు, నువ్వూ వెళ్లు, నాకు అభ్యంతరం లేదు. అయితే మీ గుంపు జనం దారిన కాకుండా అడవి వైపు నుంచి, కొడవలితో పొదలు కొట్టుకుంటూ, ఒక పూట ఉపవాసంతో, చెప్పులు లేకుండా ఎక్కిందని పెద్దమ్మ అల్లుడు అన్నాడట. అది నిజమా? ఆ కొండ మీది పాత గుడి గోడలకు ఏనుగులు పొడిచిన గుర్తులు ఉన్నాయని, దాన్ని ఏనుగు పొడిచిన గుడి అనే పిలుస్తారని అంటారు. ఆ అడవుల్లో ఇప్పటికీ ఏనుగులు తిరుగుతాయి. అటవీశాఖ వారి అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరమని నీకు నేను చెప్పాలా?

ప్రార్థన కొండ అంటే ఏమిటో ఒంగోలులో పుట్టినవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికా మిషనరీ జూవెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు, అయిదుగురే అయిదుగురు, ఈ ఊరి కొండ ఎక్కి తెలుగువాళ్ల కోసం మోకరించారు. క్రింద నాగజెముడు పొదలు తప్ప ఏమీ లేని నేలను చూపించి, అక్కడ మిషను బంగళా రావాలని అడిగారట. అదే మిషను క్లౌ దొరగారు వచ్చి ఇక్కడ స్థిరపడడానికి ఆ తరువాత పన్నెండేళ్లు పట్టింది. కరువు గడిచాక 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు, వాళ్లలో మీ నాన్నగారి ముత్తాత ఒకరని మన ఇంట్లో చెప్పుకుంటాం. ఇదంతా నీకు కంఠతా వచ్చు, సండేస్కూలులో బహుమతి కూడా తెచ్చుకున్నావు. నేను అడిగేది ఒక్కటే: ఆ అయిదుగురిలో ఒక్కరైనా కాలు చీల్చుకోవడమే భక్తి అనుకున్నారా?

ఉపదేశం చేయనని అనుకుంటూనే మొదలుపెట్టాను. ఎలాగూ మొదలైంది గనుక నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి చెబుతాను.

మీ నాన్నగారి కాలి వేలు మోటారుసైకిలు చక్రంలో పోయిందని నీకు చెప్పాం. అది అబద్ధం. నీకు నాలుగేళ్లప్పుడు, కొత్త సంవత్సరం నాడు మన సంఘం వాళ్లం చీకటితోనే ప్రార్థన కొండకు బయలుదేరాం. పెద్దలు చెప్పులు వేసుకుని ఎక్కారా అని మీ నాన్నగారు తన చెప్పులు క్రిందనే ఒక రాయి మీద వదిలేశారు. దొరగారు మాత్రం తప్పకుండా బూట్లతోనే ఎక్కి ఉంటారని నేనన్నాను, ఆయనకు నచ్చలేదు. మామూలు దారిలో ఆడవాళ్లు, పిల్లలు నెమ్మదిగా నడుస్తున్నారని, యౌవన సంఘం కుర్రవాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకుని వెనక వాలు నుంచి ఎక్కారు. ఆ ఏడు వానలు బాగా కురిశాయి, సర్కారు తుమ్మ మనిషెత్తున కమ్ముకుపోయి ఉంది. టార్చిలైటు సగం దారిలో ఆరిపోయిందట. ముళ్లకంపలో చిక్కుకున్న చొక్కాను లాక్కోబోయి అడుగు తప్పి వేసేసరికి, చిటికెన వేలి క్రింద బెత్తెడు ముల్లు దిగింది. చీకట్లోనే పీకారు, మొన లోపలే విరిగిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మేము పైకి చేరేసరికి ఆయన నవ్వుతూ నిలబడి ఉన్నారు, తూరుపు తెల్లబడగానే ప్రార్థన చేశారు. పావుగంటలో ముగించారు. మీ నాన్నగారి ప్రార్థన పావుగంటలో ముగిసిందంటే నాకు అక్కడే అనుమానం రావలసింది.

తరువాత పదకొండు రోజులు ఆయన ఇంట్లో మేజోళ్లు వేసుకుని తిరిగారు. ఒంగోలులో ఇంట్లో మేజోళ్లు ఎవరు వేసుకుంటారు? చలి అన్నారు. నేను నమ్మాను, చదువుకున్నదాన్ని, బడిలో పిల్లలకు ఆరోగ్యపాఠం చెప్పేదాన్ని నమ్మాను. పన్నెండో నాడు మేజోడు ఉతుకుదామని అడిగితే ఇవ్వలేదు. నిద్రపోయాక నేనే తీయబోతే అది పుండుకు అంటుకుని రాలేదు. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి, అద్ది అద్ది, అరగంటకు వూడదీశాను. ఆ వాసన చెప్పను. ఇక్కడి ఒక ఆసుపత్రిలో మందు పూసి పంపించేశారు. గుంటూరు తీసుకువెళ్లాకే షుగరు ఉందని తేలింది, మరునాడు వేలు తీసేశారు. అప్పటికి ఆయనకు 41 ఏళ్లు. ఎవరికీ చెప్పవద్దని ఆయనే నాచేత మాట తీసుకున్నారు. ప్రార్థనకు వెళ్లి కాలు పోగొట్టుకున్నాడని తెలిస్తే కొండకు చెడ్డపేరు వస్తుందట, రేపు ఎవరూ రారట. ఆ దాపరికమే వేలు తీసింది, ముల్లు కాదు.

క్రితం దసరాకు పరగడుపున చేయించిన షుగరు పరీక్షలో నీకు 112 వచ్చింది. అది మరచిపోయావేమో, నేను మరచిపోలేదు. అరికాలు బొబ్బలెక్కినా, చిన్న గీత పడినా ఏమీ కాదులే అనుకునే ఒళ్లు కాదు మన ఇంటివాళ్లది. ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకున్నావా? ఆ రుమాలు విప్పి, కాలు సబ్బుతో కడుక్కుని, అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకున్నావా? నీ గదిలో అద్దం గోడకే ఉంటుంది గనుక చిన్నది ఒకటి పంపుతున్నాను.

సువార్తికుని పాదాలు పర్వతాల మీద ఎంత సుందరమైనవో అని యెషయా ప్రవక్త అన్నాడు, చీము పట్టిన పాదాల గురించి ఆయన ఏమీ అనలేదు. నీ పాదానికి రాయి తగలకుండా దూతలు నిన్ను ఎత్తుకుంటారన్న వాక్యం ఉంది కదా అంటావేమో. కీర్తనలో ఉన్నది నిజమే, కాని ఆ వాక్యాన్ని ప్రభువుకు ఎత్తి చూపించి దూకమన్నవాడు ఎవరో మత్తయి నాలుగో అధ్యాయం తీసి మళ్లీ చదువు.

ఆ ఫోటోలో నీ పక్కన గొడుగు పట్టుకున్న అమ్మాయి గురించి నేను అడగడం లేదు. ఆమె కాళ్లకు మాత్రం బూట్లు ఉన్నాయి, బుద్ధిమంతురాలిలా ఉంది.

రాజు అన్నయ్య స్నేహితుడు సోమవారం రైలులో ఎర్నాకులం వస్తున్నాడు. అతనిచేత పంపుతున్నవి: గోంగూర పచ్చడి, కందిపొడి, చెప్పిన అద్దం, గుడ్డ చుట్టలు రెండు, తొమ్మిదో నంబరు కాన్వాసు బూట్లు. బూట్లు బిగుతుగా ఉంటే కాలు వాచిందని అర్థం, సర్దుకుంటాయిలే అని ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు. వచ్చే ఏడు ఆ కొండ ఎక్కాలనిపిస్తే జనం దారిన, పగటిపూట ఎక్కు. నేనూ వస్తాను.

ఫోటో సంగతి మీ నాన్నగారికి చెప్పకూడదనుకున్నాను, పెద్దమ్మ నోరు ఊరుకోలేదు. విన్న దగ్గరినుంచి ఆయన ఏమీ అనలేదు, వరండాలో కూర్చుని నిన్నటి పేపరే తిరగేస్తున్నారు. ఇప్పుడే లేచి వచ్చి, ఉత్తరం వాడికేనా అని అడిగారు. అవునన్నాను. కాసేపు తలుపు పట్టుకుని నిలబడి, "కుడి కాలా, ఎడమ కాలా, అడుగు" అన్నారు.

అమ్మ.