ఏనుగుల దగ్గర ఒక బోర్డు పెట్టండి

సంపాదకుడు గారికి,

మా ఇల్లు హైదరాబాద్ జూ దగ్గర, కిషన్‌బాగ్‌లో. తెల్లవారుజామున ఆటోల రొద మొదలయ్యేలోపు జూలో సింహం అరిస్తే మా వంటింట్లోకి వినిపిస్తుంది. 2025 మే 7న సాయంత్రం నాలుగింటికి వైమానిక దాడి జరిగితే ఏం చేయాలో నేర్పే మాక్ డ్రిల్ సైరన్లు మోగినప్పుడు మా మనవరాలు, "తాతా, బాంబులు పడితే సింహాలు ఎక్కడ దాక్కుంటాయి?" అని అడిగింది. ముప్పయ్యేళ్లు సోషల్ చెప్పినవాణ్ణి. అయినా తెలిసిన జవాబు తొమ్మిదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో తోచలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, టోక్యోలోని ఉయెనో జూలో 1943 ఆగస్టులో సింహాల్ని, పులుల్ని, ఎలుగుల్ని చంపేయమని గవర్నరు ఉత్తర్వు ఇచ్చాడు. బోన్లు విరిగితే ఊరి మీద పడతాయని చెప్పిన కారణం. కానీ అప్పటికి ఆ ఊరి మీద పెద్ద దాడులు మొదలే కాలేదు. 1942 ఏప్రిల్‌లో ఒక్కసారి అమెరికా విమానాలు వచ్చిపోయాయి, అంతే. యుద్ధం గుమ్మం దాకా వచ్చిందని జనానికి తెలియాలనే ఈ పని చేయించారని చరిత్రకారులంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

అక్కడ మూడు ఏనుగులుండేవి: జాన్, టోంకీ, వాన్లీ. విషం కలిపిన బంగాళాదుంపలు పెడితే ఉమ్మేశాయి. సూదులు చర్మంలోకి దిగలేదు. చివరికి మేతా నీళ్లూ ఆపేశారు. నేర్చిన విద్య చూపిస్తే తిండి పెడతారని తొండాలెత్తి నిలబడేవట. సెప్టెంబర్ 4న జంతువులకు సంతాప సభ జరిపారు. టోంకీ, వాన్లీ అప్పటికింకా తెర వెనక ఊపిరితోనే ఉన్నాయి. బతికున్నవాళ్లకు తద్దినం అంటే ఇదే. టోంకీ సెప్టెంబర్ 23 దాకా ప్రాణం నిలుపుకుంది.

అందరూ అలా చేయలేదు లెండి. అదే యుద్ధంలో జర్మన్ సైన్యం రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు, అక్కడి జూలో పనిచేసే యెవ్దోకియా దాషినా అనే ఆవిడ రోజూ నీవా నది నుంచి 40 బకెట్ల నీళ్లు స్లెడ్జి (మంచు మీద లాగే బండి) మీద లాక్కొచ్చి, ఒక నీటి ఏనుగును (హిప్పోను), దాని ఒంటికి కర్పూర తైలం రాసి, కాపాడింది. అది 1951 దాకా బతికింది.

యుద్ధం అయ్యాక టోక్యో పిల్లలు మాకో ఏనుగు కావాలని మన ప్రధానికి ఉత్తరాలు రాశారు. నెహ్రూ మైసూరు నుంచి ఒక ఆడ ఏనుగును, తన కూతురి పేరు పెట్టి, 1949లో ఓడెక్కించారు. ఆ ఇందిర 1983 దాకా అక్కడే ఉంది.

బాగ్-ఏ-ఆమ్‌లోని (పబ్లిక్ గార్డెన్స్) పాత జూ జంతువులు తరలి వచ్చి 1963 అక్టోబర్ 6న మొదలైన మన జూకు పెట్టింది ఆ నెహ్రూ పేరే. ఇన్నేళ్లుగా వెళ్తున్నా, ఈ కథ చెప్పే బోర్డు నా కంటపడలేదు. అధికారులకు నా మనవి ఒక్కటే: ఏనుగుల దగ్గర తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో ఒక బోర్డు పెట్టండి. గేటు దగ్గర వద్దు, అక్కడ పిల్లలు ట్రైన్ ఎక్కే తొందరలో ఉంటారు. తద్దినం సంగతి కూడా దాచకుండా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచరు,
కిషన్‌బాగ్, హైదరాబాద్