ఈ ఆదివారం: కామెడీలో దాగిన గుట్టు

అందరికీ నమస్కారం!

సాయంత్రం 4 గంటలకి, ఎప్పటిలాగే గంట స్తంభం దగ్గర మేడ మీద కలుద్దాం. ఈసారి విషయం టీవీ కామెడీల్లో పైకి అనకుండా దాచిన క్వీర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వాళ్లు వగైరా) సంగతులు.

చూడబోయేది అమెరికా కామెడీ 'ఎలెన్'. అందులో నాయిక తాను లెస్బియన్‌నని చెప్పేది 1997 ఏప్రిల్ 30న వచ్చిన 'ది పప్పీ ఎపిసోడ్'లో. కుక్కపిల్ల కోసం వెతక్కండి, విషయం బయటికి పొక్కకుండా పెట్టుకున్న దొంగపేరు అది! అంతకు ముందు నెలల్లోనే సూచనలు వదిలారు. ఒకచోట ఆవిడ బట్టల అలమరాలోంచి బయటికొస్తుంది. ఇంగ్లీషులో 'అలమరాలోంచి రావడం' అంటే తన గుట్టు తనే విప్పడం. తెలిసినవాళ్లు నవ్వుకున్నారు, తెలియనివాళ్లకి అది ఉత్త అలమరా.

మరి 1892లో మన విజయనగరంలోనే మొదట ఆడిన 'కన్యాశుల్కం' నాటకంలో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టలేదూ? అది క్వీరా, ఉత్త వేషమా? నా ఓటు వేషానికే. మిగతాది అక్కడే తేల్చుకుందాం.

ఒక్కొక్కరు ఒక తెలుగు సీన్ తీసుకురండి, 3 నిమిషాలు దాటొద్దు. (పోయినసారి ఒకాయన అరగంట వేశారు, పేరు చెప్పను.) హిజ్రాల్ని వెక్కిరించే జోకులు లెక్కలోకి రావు, అది పచ్చి ఎగతాళి. నటీనటుల సొంత జీవితాల మీద ఊహాగానాలు కూడా వద్దు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ చెప్పేయండి. టీ మాది, జంతికలు మీవి.

గుర్తుందిగా, ఎవరైనా తమ గురించి చెప్పుకున్నది గ్రూపు దాటకూడదు. స్క్రీన్‌షాట్లు అసలొద్దు.

ల్యాప్‌టాప్‌లు ఫుల్ చార్జింగ్‌తో తెండి, పోయినసారి సరిగ్గా క్లైమాక్స్‌లో కరెంటు పోయింది.