పార్టీని నమోదు చేసే చేతికే రద్దు చేసే అధికారమూ ఇవ్వండి

కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను చెన్నై టి.నగర్‌లో ఒక ఆడిటర్ దగ్గర గుమాస్తాని. రెండేళ్ల కిందట రిటర్నులు వేసే రోజుల్లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మన తెలుగువాడే, ఒక పార్టీకి లక్ష రూపాయలు విరాళం ఇచ్చినట్టు రసీదు తెచ్చాడు. ఆ పార్టీ పేరు నేనెప్పుడూ వినలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేశాడు: డబ్బు ఆన్‌లైన్‌లో పంపాడట, వాళ్లు కమిషన్ పట్టుకుని మిగతాది నగదుగా తిరిగి ఇచ్చారట. పార్టీలకిచ్చే విరాళాలకు ఆదాయపు పన్నులో మినహాయింపునిచ్చే 80జీజీసీ సెక్షన్ కింద మినహాయింపు మాత్రం పూర్తి లక్షకీ కావాలట. "అందరూ చేస్తున్నారు కదండీ" అన్నాడు. ఆ రిటర్ను మేం వేయలేదు.

రసీదు మీది అడ్రసు మా పెరంబూరుదే. ఆదివారం వెళ్లి చూశాను. కింద జిరాక్స్ షాపు, పైన ఒక కుటుంబం. అలాంటి పార్టీ ఒకటి ఉందని ఆ ఇంటావిడకే తెలియదు.

అయినా అది రిజిస్టరైన పార్టీయే. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టంలోకి వచ్చిన 29ఏ సెక్షన్ పార్టీలను ఎలా నమోదు చేయాలో చెప్పింది గానీ, ఎలా తీసేయాలో చెప్పలేదు. మోసంతో నమోదు చేయించుకోవడం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప ఎన్నికల కమిషన్‌కు రద్దు చేసే అధికారం లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదన్న కారణంతో కమిషన్ 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో 474 పార్టీలను జాబితా నుంచి తీసేసింది. సంతోషమే. మరి ఆరేళ్లకోసారి ఎక్కడో ఒకచోట నామినేషన్ వేసి, మిగతా కాలమంతా రసీదులు అమ్ముకునేవాళ్ల సంగతేంటి?

29ఏ సవరించండి. నోటీసు ఇచ్చి, వాదన విని, రద్దు చేసే అధికారం కమిషన్‌కు ఇవ్వండి. హైకోర్టుకు అప్పీలు ఉండాలి. ఆడిట్ లెక్కలు ఇవ్వని ఏడాది ఆ పార్టీకి ఇచ్చిన విరాళానికి దాతకు కూడా మినహాయింపు ఉండకూడదు. ఈ ఒక్కటి చేసినా రసీదుల వ్యాపారం సగం పడిపోతుందని మా ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని చెప్పగలను.

ఒక్క మనవి. సీట్లు రాలేదనో, ఓట్లు తక్కువనో మాత్రం ఎవరినీ తీసేయొద్దు. ఓట్లు, సీట్లను బట్టి వచ్చే గుర్తింపు వేరు, పార్టీగా పేరు రాయించుకునే నమోదు వేరు. నేను పనిచేసే టి.నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి గారు మరికొందరితో కలిసి 1916లో పెట్టిన జస్టిస్ పార్టీ, 1920 ఎన్నికల్లో గెలిచి మద్రాసులో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. అన్ని పార్టీలకూ అంత త్వరగా కాలం కలిసిరాదు. నిజాయితీగా లెక్కలు రాసుకునే చిన్న పార్టీకి ఎదిగే వ్యవధి ఉండాలి.

ఆ కుర్రాడు ఈ ఏడాదీ మా దగ్గరికే వచ్చాడు. రసీదు తేలేదు. ఆ పార్టీ పేరు మాత్రం జాబితాలో ఇంకా ఉంది.

ఇట్లు,
పెరంబూరు ఓటరు, చెన్నై