మా హోటల్‌కు నోటీసు వచ్చిన మాట నిజమే

పోయిన నెల ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా టిఫిన్ హోటల్‌కు ఆహార భద్రత అధికారి తనిఖీకి వచ్చారు. మర్నాటికల్లా "తాళం వేశారట" అన్న మాట మహేంద్రతనయ నది దాటి పాతపట్నం చేరింది. తాళం వేయలేదు. లోపాలు సరిదిద్దుకోమని 2006 నాటి ఆహార భద్రత చట్టం 32వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చారు. ఇలాంటి నోటీసుకు కనీసం 14 రోజుల గడువుంటుంది. అందులో రాసినవన్నీ నిజాలే కాబట్టి నేనే చెబుతున్నాను.

అన్నింటికన్నా తలవంపు నూనె విషయంలో. మా అమ్మ కాలం నుంచి ఒకటే పద్ధతి: రాత్రి మూకుడులో మిగిలిన నూనె వడగట్టడం, పొద్దున దాని మీదే కొత్తది పోయడం. రంగు మారితే పారబోస్తున్నాం కదా అనుకునేవాణ్ణి. అధికారి మరుగుతున్న నూనెలో చిన్న మీటరు ముంచారు. వేపుడు నూనె ఎంత చెడిందో చెప్పే టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటకూడదు. మాది 31 చూపించింది. కంటికి తేనె రంగులో నిగనిగలాడుతూనే ఉంది! కొత్తది కలిపితే పాతది బాగుపడదనీ, కొత్తదే త్వరగా పాడవుతుందనీ ఆయన అన్నారు. వంటాయన నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను.

పనివాళ్ల వైద్య పరీక్ష పత్రాలు ఏటా తీసుకోవాలి. నలుగురిలో ఇద్దరివి గడువు దాటాయి. నీళ్ల డ్రమ్ముకు మూత లేదు. బజ్జీలను పాత పేపర్లలో కట్టడం దగ్గర మాత్రం కాస్త వాదించాను, ఊరంతా కడుతోంది కదా అని. అచ్చు సిరా తిండికి అంటుతుందని 2018 ప్యాకేజింగ్ నిబంధనలే దాన్ని వద్దన్నాయట. వాదన అక్కడితో ఆగింది.

ఇప్పుడు ఏ రోజు నూనె ఆ రోజే. మిగిలింది వేరే టిన్నులో పోసి, వాడిన నూనె కొనేవారికి ఇస్తున్నాం. అందుకే బజ్జీల ప్లేటు 5 రూపాయలు పెరిగింది. నా తప్పుకు మీ జేబు నుంచి తీస్తున్నావేమని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పొట్లాలకు సంతలో దొరికే అడ్డాకులు వాడుతున్నాం. సాంబారు మాత్రం ఆకులో ఇవ్వలేం, గిన్నె తెచ్చుకోండి. పత్రాలు కొత్తవి వచ్చాయి, డ్రమ్ముకు మూత పడింది.

ఒకటి మిగిలింది. పిండి రుబ్బే గదిలో గోడ పెచ్చులూడుతోంది. వానలు తగ్గితే కానీ పూత నిలవదని మేస్త్రీ అంటున్నాడు. ఆ సంగతి అధికారికీ రాసిచ్చాను. అంతవరకు గ్రైండరును ముందు గదిలోకి, మీ బల్లల పక్కకే తెచ్చాను. నోటీసు ఒడియాలో ఉంది. తెలుగులో రాయించి లైసెన్సు పక్కనే తగిలించాను. పొద్దున ఏడింటిదాకా గ్రైండరు చప్పుడుకు మాటలు వినబడవు, కాస్త గట్టిగా ఆర్డరు చెప్పండి.