నన్ను తిట్టినవారికి నమస్కారాలు

నిన్న మధ్యాహ్నం కోర్టు ఉత్తర్వు కాపీ చేతికొచ్చింది. పాప నా దగ్గరే ఉంటుంది. నెలలో రెండో, నాలుగో శనివారాలు, దసరా, సంక్రాంతి సెలవుల్లో సగం వాళ్ల నాన్న దగ్గర. రెండేళ్ల నాలుగు నెలలు, ముప్పై ఒక్క వాయిదాలు పట్టింది. ఓదార్చినవారికి విడిగా ఫోను చేసి చెప్పుకుంటాను. ఈ నాలుగు ముక్కలు నన్ను తిట్టినవారి కోసం. ‘పిల్ల కోసం సర్దుకుపో’ అని తిట్టినవారు ఈ లెక్కలోకి రారు.

విజయవాడలో ఇల్లు వదిలి తెనాలి పుట్టింటికి వచ్చేనాటికి పాపకు నాలుగేళ్లు దాటి నెల. ఎందుకు వచ్చేశానో ఇక్కడ రాయను, పాపకు ఇప్పుడు చదవడం వచ్చు. రెండు నెలలు తిరక్కుండానే, పాపను తనకు అప్పగించాలని ఆయన వేసిన పిటిషన్ నోటీసు వచ్చింది. లాయరు ఫీజు కోసం వదిన గాజులు తీసి బల్ల మీద పెట్టింది. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన పక్కింటి పిన్ని గుమ్మంలోంచే కసురుకుంది. “ఆడవాళ్లకు ప్రభుత్వమే లాయరును పెడుతుంటే గాజులెందుకే? ముందు 15100కి ఫోను చెయ్యి.” నాకేమో చిన్న ఉద్యోగం ఉంది, తెల్లకార్డు లేదు, మనకెవరిస్తారులే అనుకున్నాను. తీరా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయ పరిమితి అడ్డు రాదన్నారు. అక్కడి గుమాస్తాగారు నా చేతి వణుకు చూసి, పెన్ను తీసుకుని దరఖాస్తు తానే నింపారు. ఆయన తిట్టలేదు, అయినా ఆయనకూ ఒక నమస్కారం.

నాకు కేటాయించిన లాయరుగారు నాకన్నా చిన్నావిడ. పాప నాన్న గురించి పదహారు పేజీలు రాసుకుని వెళ్లాను. రెండో పేజీ మధ్యలో ఆపి, కాగితాల మీద పేపర్ వెయిట్ పెట్టేశారు. “ఇందులో పాప ఎక్కడుందండీ?”

నాకు ఒళ్లు మండింది. ఆమె తగ్గలేదు. “ఆయన ఎలాంటి భర్తో తేల్చే కేసు కాదిది. పాప ఎవరి దగ్గర బాగుంటుందన్నదే చూస్తారు. పాప కళ్లముందు జరిగినవి తేదీలతో రాయండి, మిగతావి నాకొద్దు.” ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ చెబుతుందని ఆమే చెప్పారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, “మామూలుగా అంటే ఎప్పుడైనా సరే అని కాదు. పైగా పాపకు ఐదు నిండడానికి తొమ్మిది నెలలుంది. ఈలోగా కేసు తేలుతుందనుకుంటున్నారా?” అన్నారు.

ఇంటికొచ్చి మంచం కింది అట్టపెట్టె బయటికి లాగాను. టీకాల కార్డు, జ్వరాలకు రాసిన మందుచీటీలు, బడి డైరీలు. ప్రతి పేజీలో ‘తల్లి లేదా తండ్రి సంతకం’ అన్న గడిలో నా సంతకమే. ఒకచోట సాంబారు మరక. ఒకచోట నిద్రమత్తులో గడి దాటి పక్క పేజీలోకి పాకిన సంతకం. ఎల్‌కేజీ నుంచి ఒక్కరోజు తప్పలేదు, ఆ సంగతి నాకే గుర్తులేదు. వాళ్ల లాయరు నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేస్తూ ఆ డైరీ తిరగేశారు, సాంబారు మరక దగ్గర ఒక్క క్షణం ఆగారు, దాని గురించి ఏమీ అడక్కుండా ఇచ్చేశారు.

ఇక నా తప్పులు. కేసు తేలేలోపు కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ప్రకారం కోర్టులోని పిల్లల గదిలో నెలకు రెండుసార్లు, రెండేసి గంటలు పాపను చూపించాలి. మూడోసారి నేను జ్వరమని అబద్ధం చెప్పి పంపలేదు. లాయరుగారు ఫోనులో అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు, అదే చివర. “ఉత్తర్వును మీరే తుంగలో తొక్కితే రేపు మీ చేతికొచ్చే ఉత్తర్వును ఆయనెందుకు లెక్కచేయాలి?” మర్నాడే మరో తేదీ అడిగి, నేనే తీసుకెళ్లాను.

క్లాసు టీచరుగారి తిట్టు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. నాన్న డబ్బు పంపడం లేదని పాప క్లాసులో అందరికీ చెబుతోందట. ఎవరు నేర్పారో వేరే చెప్పాలా? ఆమె నన్ను పిలిపించి, తలుపు దగ్గరగా వేసి అన్నారు, “మీ గొడవ పాప సంచిలో పెట్టి పంపకండి. పుస్తకాల బరువే చాలు దానికి.” ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జడ్జిగారు పాపను చాంబర్లోకి పిలిచి మాట్లాడిన రోజు, బయటికి రాగానే అడుగుదామని నోరు తెరిచాను. వదిన నా మోచెయ్యి గిల్లింది. తెనాలి రైలెక్కాక పాపే చెప్పింది, పిన్నివాళ్ల పిల్లి మూడు పిల్లల్ని పెట్టిందని చెప్పిందట. ఇంకేం అడిగారో నాకు నేటికీ తెలియదు. రెండు గదుల ఇంట్లో ఒక గది మాకిచ్చి, ప్రతి వాయిదాకు సెలవు పెట్టి నా వెంట వచ్చిన వదినకు కృతజ్ఞతలని రాస్తే మళ్లీ గిల్లుతుంది. అందుకే రాయను.

ఇలాంటి నోటీసు చేతిలో పట్టుకుని కూర్చున్నవారెవరైనా ఉంటే, కాగితాలన్నీ ఒకచోట చేర్చి ఆ 15100 నంబరుకు ఫోను చేయండి. తెనాలి, విజయవాడల్లో ఉంటే వాయిదా రోజు పక్కన కూర్చోవడానికి నేనొస్తాను. తిట్టడం కూడా నేర్చుకున్నాను.

నిన్న సాయంత్రం లాయరుగారికి పూతరేకులు తీసుకెళ్లాం. కక్షిదారుల దగ్గర ఏమీ తీసుకోకూడదని పెట్టె తెరవనివ్వలేదు. పాప మాత్రం లంగా జేబులోంచి సగం కొరికిన ఉసిరికాయ తీసి బల్ల మీద పెట్టింది. అది తీసుకున్నారు.