కొవ్వు ఉంది, కోసే ఎంజైమ్ లేదు: మంత్రిగారికి ఒక రీసెర్చ్ స్కాలర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

హనుమకొండ నుంచి నమస్కారాలు. ఇది నాలుగో అర్జీ సార్. మొదటి మూడింటికీ రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. ఆ రసీదులు భద్రంగానే ఉన్నాయి. మా ల్యాబ్‌లో ఇప్పుడు భద్రంగా ఉన్నవి అవే.

మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజర్ మే నెలలో ఆగిపోయింది. మే నెలలో వరంగల్ ఎట్లుంటదో మీకు చెప్పాలా! నాలుగేళ్లుగా తయారుచేసుకున్న ఈస్ట్ (బ్రెడ్డు పిండిని పొంగించే సూక్ష్మజీవి) రకాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రాత్రి నేనూ మా జూనియరూ చేపల మార్కెట్‌కు పోయి ఐస్ గడ్డలు కొని, థర్మాకోల్ డబ్బాల్లో ట్యూబులు సర్దాం. ఐస్ అమ్మే ఆయన "ఏం చేపలమ్మా?" అని అడిగితే, ఈస్ట్ అని చెప్పలేక "రవ్వలు" అన్నాను. మెకానిక్ వచ్చి నడిపించాడు, మళ్లీ ఆగింది. అట్లా నాలుగుసార్లు. కరిగి, గడ్డకట్టి, మళ్లీ కరిగితే కణాలు ఎంతకని తట్టుకుంటాయి? సగానికి పైగా ట్యూబుల నుంచి ప్లేటు మీద ఒక్క కాలనీ (బతికిన కణం పెరిగి కట్టే చుక్క) లేవలేదు.

"ఈస్ట్ మీద రీసెర్చ్ ఏందమ్మా" అని ఒక అధికారి నవ్వారు. తిండి కరువైనప్పుడు ఈస్ట్ కణం కొవ్వును చుక్కలుగా దాచుకుంటుంది సార్. మళ్లీ చక్కెర దొరకగానే ఆ కొవ్వును కోసి వాడుకోవడానికి టీజీఎల్3, టీజీఎల్4 జన్యువుల ఎంజైములు కావాలి. ఆ రెండూ తీసేస్తే కణం కొవ్వెక్కి కూర్చుంటుంది, ఎదుట తిండి ఉన్నా మొగ్గ తొడిగి పిల్లకణం వేయడానికి ఆలస్యం చేస్తుంది. కణవిభజనను నడిపే ఎంజైమే ఒక ఫాస్ఫేట్ (స్విచ్చులా పనిచేసే చిన్న రసాయన ముక్క) తగిలించి టీజీఎల్4ను పనిలోకి దించుతుందని 2009లో తేలింది. మనుషుల్లో దీనికి బంధువైన జన్యువు చెడిపోతే కండరాల్లో కొవ్వు పేరుకుపోయే అరుదైన జబ్బు వస్తుంది. ఇందులో నవ్వడానికి ఏముందో నాకైతే తెలియలేదు.

మా గ్రాంటు కథా అంతే. మంజూరైంది. కాగితం ఉంది. బిల్లుకు టోకెన్ కూడా పడింది. డబ్బు ఎక్కడో చుక్కలుగా దాగి ఉంది, కోసేవాళ్లు లేరు. ఈస్టుకైతే ఒక ఫాస్ఫేట్ చాలు, మా ఫైలుకు ఇంకెన్ని సంతకాలు కావాలి? వేళకు తిండి పెడితే ఈస్ట్ గంటన్నరలో రెట్టింపవుతుంది. మా ఫైలు 14 నెలల్లో ఒక టేబుల్ మీద నుంచి పక్క టేబుల్ మీదికి చేరింది. సంతోషం.

ఫెలోషిప్ ఏడు నెలలుగా లేదు. నర్సంపేట దగ్గర మా నాన్న పత్తి మందుల బాకీ కడుతూనే "ఇంకెన్నేండ్లు చదువుతవు బిడ్డా" అంటున్నాడు. నేనేం చెప్పను?

ఫ్రీజర్ బాగుచేయించండి. కొత్తదైతే ఇంకా మంచిది. కరెంటు పోతే జనరేటర్‌కు డీజిల్ ఇప్పించండి. ఫెలోషిప్ వేయించండి, వేయలేకపోతే రాదని ఒక్క ముక్క చెప్పించండి సార్, దండం పెడతా.

మిగిలిన 31 ట్యూబులు పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ల ఫ్రీజర్ పై అరలో పెట్టుకున్నాం. దసరా లోపు ఆ అర ఖాళీ చేయాలట.

ఇట్లు,
ఒక రీసెర్చ్ స్కాలర్