కరెంటు పుస్తకం, సాయంత్రం స్టడీ అవర్లు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవుల తర్వాత పెట్టిన సమావేశంలో మీలో ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "ఆరు కొట్టకుండానే కరెంటు పోతోంది, పదో తరగతి పిల్లల్ని అంతసేపు బడిలో ఎందుకు కూర్చోబెడుతున్నారు మేడమ్?" అని. అడగవలసిన మాటే. స్టడీ అవర్లు మాత్రం ఆపడం లేదు. పూర్వ విద్యార్థులు ఇప్పించిన ఇన్వర్టర్ రెండు గదుల లైట్లు, ఫ్యాన్లు నడుపుతుంది. డిజిటల్ ప్యానెల్, నీళ్ల మోటారు దాని మీద నడవవు. అందుకని వీడియో పాఠాలు పగలే ముగిస్తున్నాం, ట్యాంకు మధ్యాహ్న భోజనం వేళకే నింపిస్తున్నాం. మోటారు సంగతి చిన్నదనుకోకండి. ట్యాంకులో నీళ్లు లేకపోతే ముందు ఇబ్బంది పడేది ఆడపిల్లలే. బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందన్న భయంతో కొందరు పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగరు. నాకిది ఎవరూ చెప్పలేదు. సాయంత్రం గేటు దగ్గర నిలబడితే, తెచ్చిన నీళ్లు తెచ్చినట్టే ఇంటికి పోతున్న బాటిళ్లు కనిపించాయి.

ఈ గొడవలోనే మన ఫిజిక్స్ మాస్టారు తొమ్మిదో తరగతికి ఒక పని పెట్టారు. పిల్లలు ఇంట్లో ఒక పాత నోటుబుక్కు తీసి, కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో, ఈలోగా ఏ పని ఆగిందో రాయాలి. దానికి కరెంటు పుస్తకం అని పేరు కూడా వాళ్లే పెట్టారు. నిండా ఫిర్యాదులే ఉంటాయనుకుని తెరిచాం. పిల్లలు పోయిన వేళ ముక్తసరిగా రాసి, వచ్చిన వేళ దగ్గర కథలు రాశారు. "మిక్సీ, మోటారు, ఫ్యాను మూడూ ఒకేపాలి అరిసినాయి, మా యమ్మ ఏది ముందు కట్టాలో తెలీక నవ్వీసింది" అని ఒకడు. సముద్రం వైపు ఊరి పిల్లాడు ఐసుపెట్టెలో చేపల గురించి ఓ పేజీ నింపాడు. "లైటు రాగానే మామ్మ బల్బుకి దండం పెట్టింది" అని రాసిన పిల్లను చూసి క్లాసంతా నవ్వారట. నేను నవ్వలేదు. సందెవేళ దీపం పెడితే చేతులు జోడించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ మామ్మ కిరసనాయిలు బుడ్డి ముందు పెట్టిన దండమే ఇప్పుడు బల్బుకు పెడుతోంది.

ఇంకో పేజీ దగ్గర ఆగిపోయాను. "తాతకి డయాలసిస్ ఉన్న రోజు మామ్మ పొద్దున్నే లేచి ఫ్యాను తిరుగుతందో లేదో చూస్తాది." అక్కడ ఆసుపత్రికి జనరేటర్ ఉంది, అయినా ఆవిడ చూస్తుంది. కిడ్నీ జబ్బు ఇంటింటా తెలిసిన మన ఉద్దానంలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, పలాసల్లో ఆ మంచాల మీద మన బంధువులే ఉన్నారు. ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు. యంత్రంలో నిమిషానికి అర లీటరు చొప్పున ద్రావణం పారుతూనే ఉండాలి, అంటే ఒక్క మనిషికి ఒక్క పూటకు 120 లీటర్ల శుద్ధిచేసిన నీరు. ఆ నీటిని శుద్ధి చేసేదీ, రక్తాన్ని తిప్పేదీ కరెంటే. టీవీ సీరియల్ మధ్యలో కరెంటు పోతే మనం విసుక్కుంటాం. ఆ ఇంట్లో విసుగుకు కూడా తీరిక లేదు.

పిల్లల ప్రశ్నలు ఎక్కువయ్యేసరికి మన ఊరి లైన్‌మ్యాన్ గారిని బడికి పిలిచాం. చేతి తొడుగులు, ఎర్త్ రాడ్ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు. "ఎల్‌సీ అంటే ఏటండీ?" అని ఓ పిల్ల అడిగింది. లైన్ క్లియర్. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫీడర్, అంటే అక్కడి నుంచి మన వైపు వచ్చే లైను, ఆపించుకుంటారు, ఆపిన తర్వాత కూడా తీగకు ఎర్త్ కట్టి కానీ చెయ్యి వెయ్యరు. ఎవరింట్లోనో ఇన్వర్టరో జనరేటరో తప్పుగా కలిపి ఉంటే కరెంటు వెనక్కి తన్నవచ్చు కదా. ఆ కాసేపూ ఊరంతా చీకటి, తీగ మీద మనిషి క్షేమం. చెప్పాపెట్టకుండా పోయిన కరెంటు అంతా అలాంటిదే అని నేను అనను. సముద్రపు ఉప్పుగాలి పింగాణీ ఇన్సులేటర్ల మీద పేరుకుని, సన్నటి జల్లు పడగానే లైను ట్రిప్ అయ్యి దానంతటదే ఆగిపోయేది కొంత. కొబ్బరి మట్ట తీగకు తగిలేది కొంత. నిర్లక్ష్యం వల్ల పోయేదీ ఉంది, దాని మీద అర్జీ పెట్టాల్సిందే. దండం పెట్టే చేత్తోనే అర్జీ కూడా రాయవచ్చు.

అసలు కరెంటు మన దాకా వచ్చే దారి చూడండి. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది, సామర్థ్యం 120 మెగావాట్లు. దానికోసం కట్టిన జలాపుట్ జలాశయం కింద ఊళ్లు మునిగాయి. అక్కడి గిరిజన కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదులుకుని పోయాయి. పరవాడ దగ్గరి సింహాద్రి కేంద్రానిది 2,000 మెగావాట్లు. దానికి బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి వస్తుంది. సోంపేట గేటు దగ్గర బొగ్గు గూడ్సు అడ్డమొచ్చిందని తిట్టుకునేటప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పండి. నేనైతే గూడ్సు పోయేదాకా పెట్టెలు లెక్కపెట్టిస్తాను, లెక్కలూ వస్తాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ పిల్లలు బాగా చిన్నవాళ్లు. మీకు గుర్తుండే ఉంటుంది. నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. జనరేటర్లు తెచ్చి ట్యాంకులకు నీళ్లెక్కించారు. వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్ సిబ్బంది మన బడి వరండాలో గోనెపట్టాల మీద పడుకుని, తెల్లారకముందే తోటల్లోకి గుంజలు మోసుకుపోయేవారు. కరెంటు లేని ఇళ్ల నుంచే వాళ్లకు పప్పూ అన్నం వచ్చేవి.

మళ్లీ తుఫాన్ల రోజులు కాబట్టి కొన్ని మాటలు. తీగలకు తగులుతున్న మట్టలు మీరే కొట్టవద్దు, లైన్‌మ్యాన్‌కు చెప్పండి, ఆయన ఎల్‌సీ తీసుకుని కొట్టిస్తారు. తెగిపడిన తీగ కనిపిస్తే పిల్లల్నీ పశువుల్నీ దగ్గరకు పోనివ్వకండి, 1912కు ఫోన్ చేయండి. తడి బట్టలు ఆరేసే ఇనప తీగను సర్వీసు వైరుకు, స్తంభానికి దూరంగా కట్టుకోండి. కరెంటు పుస్తకాలు నెలాఖరుకు మాస్టారు తీసుకుని, ఏ వేళ ఎక్కువ పోతోందో పట్టిక వేయిస్తారు. అర్జీకి దాన్ని జత చేస్తాం. సంతకాలకు మీరూ రావాలి.

స్టడీ అవర్లు సాయంత్రం 5 నుంచి 6:45 వరకు. చెరువుగట్టు మలుపులో వీధిదీపం వెలగడం లేదు, పంచాయతీకి రాసిచ్చాం. అది బాగయ్యేదాకా ఆ దారిన వెళ్లే ఆడపిల్లల కోసం ఇంటి నుంచి ఒకరు గేటు దగ్గరకు రండి. రాలేని రోజు ముందుగా క్లాసు టీచరుకు ఫోన్ చేస్తే, మేమే తోడు పంపిస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని